పికప్‌కు ఐదో చక్రం: టైరు కొనే ముందు తేల్చుకోవలసినవి

పికప్ యజమానులు చాలామంది స్టెప్నీని శ్రద్ధగా చూసేది రెండే సందర్భాల్లో: బండి కొన్న రోజు, పంక్చర్ అయిన రోజు. ఈ రెంటి మధ్య ఏళ్లు గడుస్తాయి. ఈలోగా నాలుగు టైర్లూ మారతాయి. కొందరు సైజు పెంచుతారు, బంపరు మారుస్తారు, ట్రైలర్ లాగడానికి వెనుక హుక్కు బిగించుకుంటారు. ఛాసిస్ కింద వేలాడే చక్రాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఎప్పుడో ఒకరోజు దాని స్థానంలో సరైన పూర్తి సైజు స్టెప్నీ పెట్టుకోవాలని గుర్తొస్తే, నేరుగా టైర్ల దుకాణానికి వెళ్లి సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) మీది అంకెలు చదివి వినిపిస్తారు. నన్నడిగితే అది చివర చేయవలసిన పని. ఆ చక్రం ఎక్కడ వేలాడాలి, ఏ హబ్బుకు (చక్రం బిగించే ఇరుసు కొసకు) బిగియాలి, ఏ ఇరుసు మీద ఎంత బరువుతో తిరగాలి అన్నవి ముందు తేలితే, ఏ టైరు కొనాలో దుకాణదారు చెప్పనక్కరలేదు.

అసలు స్టెప్నీ కావాలా అన్న ప్రశ్న ఈ మధ్య తరచుగా వినబడుతోంది. 2020లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. 3.5 టన్నుల లోపు ప్రయాణికుల వాహనాల్లో ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదంది. నగరంలో తిరిగే కారుకు ఆ వాదన సరిపోతుంది. కానీ పంక్చర్ కిట్ పూడ్చగలిగేది ట్రెడ్ భాగంలో (రోడ్డును తాకే చోట) మేకు చేసిన చిన్న రంధ్రాన్ని, అదీ సుమారు 6 మిల్లీమీటర్ల లోపు ఉంటేనే. సైడ్‌వాల్ చీలితే అది చేయగలిగిందేమీ లేదు. పికప్‌కు తగిలే దెబ్బల్లో సైడ్‌వాల్ చీలికలు తక్కువేమీ కావు. క్వారీ దారిలో కంకర అంచు, కోత అయిన చేలో నిక్కిన కంది మోడు, గుంతలో దాగిన ఇనుప ముక్క, ఇవేవీ ట్రెడ్‌నే వెతుక్కుంటూ రావు. కార్లకిచ్చే సన్నపాటి తాత్కాలిక చక్రం కూడా ఇక్కడ పనికిరాదు. గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదన్న హద్దు సంగతి అలా ఉంచినా, బస్తాలు నింపిన పికప్ వెనుక ఇరుసును మోయడానికి దాన్ని తయారుచేయలేదు.

కిందికి వంగి చూస్తే

చాలా పికప్‌లలో స్టెప్నీని వెనుక తొట్టి కింద, ఛాసిస్ రెండు పట్టీల మధ్య, ఉక్కు తాడుతో పైకి లాగి ఉంచుతారు. బంపరు దగ్గరి రంధ్రంలో పొడవాటి కడ్డీ దూర్చి తిప్పితే లోపలి చిన్న గేరు పెట్టె తాడును వదులుతుంది. తాడు కొసన ఒక ఉక్కు బిళ్ల ఉంటుంది. రిమ్ము మధ్య రంధ్రంలోంచి దాన్ని ఏటవాలుగా దూర్చి అడ్డంగా నిలబెడితే, రిమ్మును పట్టుకుని పైకి లాగుతుంది. ఇంత సులువైన అమరికే సగం చిక్కులకు మూలం.

మొదటిది చోటు. ఆ ఖాళీని కంపెనీ తన టైరు వ్యాసాన్ని బట్టి వదిలింది. ముందు అడ్డపట్టీ, వెనుక బంపరు, ఒక పక్క పొగ గొట్టం. టైరు వ్యాసం 25 మిల్లీమీటర్లు పెరిగినా కొన్ని బండ్లలో అది పొగ గొట్టానికి అంటుకునేంత దగ్గరవుతుంది. రోజూ వేడి తగిలే రబ్బరు నడవకుండానే గట్టిపడుతుంది. పట్టడం లేదని గాలి తీసేసి ఇరికించేవారిని చూశాను. అర్ధరాత్రి ఘాట్ రోడ్డు మీద గాలి లేని స్టెప్నీని దింపుకుని ఏం చేస్తారో వారికే తెలియాలి. కాబట్టి టేపు తీసుకుని ముందుగా ఆ ఖాళీని కొలవండి. కొత్త టైరు పట్టకపోతే వేరే దారులు లేకపోలేదు. తొట్టిలో బోల్టులతో బిగించే స్టాండు, లేదా వెనుక తలుపులా తెరుచుకునే ఇనుప చట్రం. మొదటిది సరుకు చోటు తింటుంది. రెండోది బరువును ఇరుసు వెనక్కి నెడుతుంది. 18 అంగుళాల రిమ్ముతో ఒక చక్రం ముప్పై కిలోల పైమాటే.

రెండోది ఆ బిళ్ల. అది కంపెనీ ఇచ్చిన ఉక్కు రిమ్ము లోతుకు, మధ్య రంధ్రానికి తగ్గట్టు చేసినది. బయట కొన్న అల్లాయ్ రిమ్ములో మధ్య రంధ్రం పెద్దదైతే బిళ్ల జారుతుంది, చిన్నదైతే దూరదు. రిమ్ము లోతు తేడాగా ఉంటే చక్రం పైకి పూర్తిగా ఆనదు. వదులుగా వేలాడే చక్రం ప్రతి గతుకుకూ ఊగుతూ తాడును కోస్తుంది. అందుకే నేల మీది నాలుగూ అల్లాయ్ అయినా, ఐదోది కంపెనీ ఉక్కు రిమ్ముగా ఉండడం లోటేమీ కాదు. అది చవక, దెబ్బ తగిలితే పగలదు, వంగుతుంది. వంగినదాన్ని సరిచేసేవాడు ప్రతి ఊళ్లో ఉంటాడు.

మూడోది తుప్పు. దీన్ని తేలిగ్గా తీసుకునేవారికి టయోటా అనుభవం ఒకటి చాలు. 2009 నవంబరులో ఆ కంపెనీ అమెరికాలో 2000 నుంచి 2003 మోడల్ టండ్రా పికప్‌లను సుమారు 1,10,000 వరకు వెనక్కి పిలిచింది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే 20 చలి రాష్ట్రాల్లో ఛాసిస్ వెనుక అడ్డపట్టీ తుప్పు పట్టి, దానికి వేలాడే స్టెప్నీ రోడ్డు మీద ఊడిపడే ప్రమాదం ఉందని తేలింది. మనకు మంచు లేదు కానీ ఉప్పుకు కొదవ లేదు. భీమవరం చెరువుల నుంచి రొయ్యలు, కాకినాడ, విశాఖ రేవుల నుంచి చేపలు తెచ్చే పికప్‌ల తొట్టిలోంచి కారే ఐసు నీళ్లు ఎక్కడికి పోతాయో ఒకసారి కింద చూస్తే తెలుస్తుంది. నల్లరేగడి ప్రాంతాల్లో ఇబ్బంది వేరు. గేరు పెట్టెలోకి చేరిన బురద ఎండి రాయిలా అవుతుంది, కడ్డీ తిరగదు. ఆరు నెలలకోసారి చక్రాన్ని నేలకు దింపి, తాడుకు గ్రీసు రాసి, తిరిగి ఎత్తడం పావుగంట పని.

ఆరు బోల్టులుంటే చాలదు

పాత రిమ్ములు అమ్మేచోట తరచుగా వినిపించే మాట: ‘ఆరు బోల్టులది సార్, పట్టేస్తుంది.’ ఆరు బోల్టులన్నంత మాత్రాన పట్టదు. బోల్టు రంధ్రాలన్నీ కూర్చున్న వృత్తం వ్యాసం కలవాలి, మధ్య రంధ్రం హబ్బుకు సరిపోవాలి. టయోటా హైలక్స్‌కు ఆ వృత్తం 139.7 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 106.1. షెవర్లే సిల్వరాడో 1500కూ వృత్తం 139.7 మిల్లీమీటర్లే, కానీ మధ్య రంధ్రం 78.1. అంటే సిల్వరాడో రిమ్ము టయోటా హబ్బు మీదికి ఎక్కనే ఎక్కదు. టయోటా రిమ్ము సిల్వరాడోకు ఎక్కుతుంది కానీ, హబ్బు చుట్టూ ఖాళీ మిగిలి, చక్రాన్ని నడిమధ్యన నిలిపే పని మొత్తం నట్ల మీద పడుతుంది. 2004 తర్వాతి ఫోర్డ్ ఎఫ్-150 వృత్తం 135. టెక్సస్‌లోనో మరోచోటనో పాత ట్రక్కు కొని, స్టెప్నీ లేదని ఆన్‌లైన్‌లో చవకగా ఆరు రంధ్రాల రిమ్ము వెతికే తెలుగువారు ముందుగా చూసుకోవలసిన అంకె ఇది. 4.7 మిల్లీమీటర్ల తేడా ఫోటోలో కనబడదు.

ఇవి కలిసినా, రిమ్ము లోపల డిస్కును పట్టి ఆపే బ్రేకు కాలిపర్ అడ్డుపడవచ్చు. ముందు చక్రాల బ్రేకులు పెద్దవి. చిన్న వ్యాసం రిమ్ము వెనుక హాయిగా తిరిగి, ముందు గీసుకుంటుంది. కొనేముందు రిమ్మును ముందు హబ్బుకు ఎక్కించి, నట్లు చేత్తో బిగించి, గాలిలో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడడం మంచిది. స్టీరింగు రెండు కొసలకూ తిప్పి కూడా చూడాలి. పంక్చర్ ముందు చక్రానికి కాదు, వెనుక చక్రానికే అవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

నట్ల విషయంలో చిన్న మెలిక ఉంది. ఉక్కు రిమ్ములో నట్టు కూర్చునే చోటు సాధారణంగా శంకువు ఆకారంలో ఉంటుంది. టయోటా లాంటి కొన్ని కంపెనీల అల్లాయ్ రిమ్ములకు చదునైన వాషరున్న నట్లు వస్తాయి. ఉక్కు స్టెప్నీ బిగించేటప్పుడు ఆ నట్టుకున్న వాలు భాగం రిమ్ము గుంటలో కూర్చోవాలి. వాషరు రిమ్మును తాకలేదని కంగారుపడనక్కరలేదు. కానీ బయట కొన్న అల్లాయ్‌కు ప్రత్యేకమైన సన్న నట్లు వేయించినవారు, స్టెప్నీకి సరిపడే పాత నట్ల జతను బండిలోనే ఉంచుకోవాలి.

వ్యాసం తేడా ఎక్కడికి పోతుంది

ఇప్పుడు టైరు. 255/60 ఆర్18 అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 18 అంగుళాలు. సైడ్‌వాల్ 153, పైనా కిందా కలిపి 306, రిమ్ము 457.2, మొత్తం వ్యాసం 763 మిల్లీమీటర్లు. ఇది మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ సైజు. 2016లో ఈ బండి మొదట వచ్చినప్పుడు సైజు 245/70 ఆర్16. దాని వ్యాసం 749. పాత వి-క్రాస్ చక్రం చవకగా దొరికిందని కొత్తదానికి స్టెప్నీగా పెట్టుకుంటే తేడా 14 మిల్లీమీటర్లు, 1.8 శాతం.

చిన్నదిగానే కనబడుతుంది. అయితే ఆ చిన్న చక్రం ప్రతి కిలోమీటరుకు తన జోడీ కంటే దాదాపు ఎనిమిది చుట్లు ఎక్కువ తిరగాలి. హైదరాబాదు నుంచి విజయవాడ చేరేసరికి రెండు వేల చుట్లు దాటుతుంది. వెనుక ఇరుసులో ఉండి రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కు ఇది ఎలా కనిపిస్తుందంటే, తిన్నని రోడ్డు మీద వెళుతున్నా బండి సుమారు 85 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో ఆగకుండా తిరుగుతున్నట్టు. మామూలు డిఫరెన్షియల్ మలుపుల కోసమే పుట్టింది కాబట్టి పంక్చర్ షాపు దాకా దీన్ని భరిస్తుంది. రెండు చక్రాల మధ్య జారుడును అడ్డుకునే క్లచ్ పలకలున్న రకమైతే, ఆ పలకలు దారి పొడుగునా రాసుకుంటూ వేడెక్కుతాయి. అలాంటి బండికి వెనుక పంక్చరైతే, ముందు చక్రం ఒకటి విప్పి వెనక్కి వేసి, తేడా ఉన్న స్టెప్నీని ముందు వేయడం మేలు. పని రెట్టింపే, కాదనను. రిపేరు బిల్లు అంతకంటే పెద్దది.

నాలుగు చక్రాల డ్రైవ్‌తో జాగ్రత్త మరింత అవసరం. హైలక్స్, వి-క్రాస్ లాంటి వాటిలో ఆ డ్రైవ్ వేస్తే ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగానికి కట్టుబడతాయి. ఇసుకలో, బురదలో చక్రం కొంచెం జారి తేడాను సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారే వీలు లేక ఆ ఒత్తిడి గేర్ల మీద, షాఫ్టుల మీద పేరుకుంటుంది. తేడా స్టెప్నీ వేసి ఉన్నంతసేపూ తారు మీద రెండు చక్రాల డ్రైవ్‌లోనే ఉండాలి.

రిమ్ము సైజు వేరైనంత మాత్రాన ఈ గొడవ తప్పదని అనుకోనక్కరలేదు. 265/60 ఆర్18 వ్యాసం 775.2, 265/65 ఆర్17 వ్యాసం 776.3. రిమ్ములో ఒక అంగుళం తేడా, వ్యాసంలో ఒక మిల్లీమీటరు. స్టెప్నీగా ఈ జోడీ నిక్షేపంలా పనిచేస్తుంది. మరోవైపు 17 అంగుళాల రిమ్ము మీదే 265/70 ఎక్కించి, కంపెనీ 265/65ను స్టెప్నీగా వదిలేస్తే తేడా 26 మిల్లీమీటర్లు దాటుతుంది. సైజు పెంచుకుని ఐదోదాన్ని మరిచిపోయేవారంతా ఈ గుంపులో ఉన్నారు.

అంతకంటే చిత్రమైన సంగతి ఒకటుంది. అచ్చంగా అదే సైజు, అదే కంపెనీ టైరు స్టెప్నీగా ఉన్నా, నేల మీది టైర్లు అరిగితే తేడా వచ్చేస్తుంది. కొత్త టైరుకు ట్రెడ్ లోతు 8 మిల్లీమీటర్లు ఉండి, నేల మీది టైర్లకు అరిగి 2 మిల్లీమీటర్లే మిగిలిందనుకుందాం. వ్యాసంలో 12 మిల్లీమీటర్లు పోయింది. పైన చెప్పిన 16 అంగుళాల చక్రంతో వచ్చే తేడాకు ఇది దాదాపు సమానం. ఒక్కసారైనా నేల తాకని స్టెప్నీని అపురూపంగా దాచుకున్నవారికి ఇది రుచించదు.

దీనికి మందు ఐదు చక్రాలనూ తిప్పడం. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి టైర్ల స్థానాలు మార్చేటప్పుడు స్టెప్నీని వెనుక ఇరుసుకు తెచ్చి, ముందు చక్రాల్లో ఒకదాన్ని స్టెప్నీగా పంపితే ఐదూ ఇంచుమించు కలిసి అరుగుతాయి. సైడ్‌వాల్ మీద బాణం గుర్తుతో ఒకే దిశలో తిరగవలసిన టైర్లకు ఇది కుదరదు. ఆ కారణంగానే పికప్‌కు అలాంటి టైర్లు నేను సిఫారసు చేయను. సరుకు రవాణా బండ్లవాళ్లు ఐదు కొత్త టైర్లు ఒకేసారి కొనలేరన్నది నిజం. వారికి నా మాట: నాలుగు కొన్నప్పుడు విప్పిన పాతవాటిలో సైడ్‌వాల్ బాగున్నదాన్ని, ట్రెడ్ కనీసం సగం మిగిలినదాన్ని స్టెప్నీ చేయండి. నున్నగా అయినదాన్ని కాదు.

బరువు, గాలి, వయసు

సైజు అంకెల పక్కన ఉండే చిన్న అంకె బరువు సూచిక. 104 అంటే ఒక టైరు 900 కిలోలు మోస్తుంది, 109 అంటే 1,030, 110 అంటే 1,060, 121 అంటే 1,450. బొలెరో పికప్‌లాంటి 1.7 టన్నుల సరుకు మోసే బండిని మదనపల్లె మార్కెట్ నుంచి టమాటాలతో నింపినప్పుడు బరువులో ఎక్కువ భాగం వెనుక ఇరుసు మీదే కూర్చుంటుంది. కాటా మీద వెనుక చక్రాలు మాత్రమే ఎక్కించి తూయించండి. 1,900 కిలోలు వచ్చిందనుకుంటే ఒక్కో టైరు వాటా 950. ఆ బండికి 104 సూచికున్న స్టెప్నీ, సైజు ఎంత కచ్చితంగా కలిసినా, పనికిరాదు. కారు తరహా టైరును పికప్‌కు వేస్తే దాని సామర్థ్యాన్ని 1.10తో భాగించి లెక్కించాలని అమెరికా నిబంధనలు చెబుతాయి. మన దారులకూ అది మంచి లెక్కే.

ఎల్‌టీ (లైట్ ట్రక్) అన్న అక్షరాలతో మొదలయ్యే బరువు టైర్లు వేరే జాతి. వాటిలో 10 ప్లై రకానికి గాలి 80 పీఎస్‌ఐ దాకా పడుతుంది. అదే బరువు మోయడానికి వాటికి మామూలు టైరు కంటే ఎక్కువ గాలి కావాలి. కాబట్టి బండి మామూలు టైర్లతో వచ్చివుంటే, తలుపు అంచున కంపెనీ అంటించిన చీటీలోని అంకె వాటికి వర్తించదు. స్టెప్నీలో ఎప్పుడూ నిండు బరువుకు కావలసిన గాలి ఉంచాలి. దారిలో తీయడం సులభం, కొట్టడమే కష్టం. కదలని టైరు కూడా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ కోల్పోతుంది. రిమ్మును పైకి ఎత్తేటప్పుడు వాల్వు చేతికి అందేలా ఉంచగలిగితే గాలి చూడడానికి ప్రతిసారీ దింపనక్కరలేదు. కొన్ని బండ్లలో ఏ ముఖం పైకి ఉండాలో మాన్యువల్లోనే చెబుతారు, అప్పుడు అదే పాటించాలి. గాలి హెచ్చరిక సెన్సర్లున్న బండ్లలో ఐదో రిమ్ముకు సెన్సర్ లేకపోతే దీపం వెలుగుతూ ఉంటుంది, అంతే.

వయసు సంగతి సైడ్‌వాల్ మీది చివరి నాలుగు అంకెలు చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే మార్చమని కొన్ని వాహన కంపెనీలు, పదేళ్లు దాటితే స్టెప్నీతో సహా పారేయమని కొన్ని టైర్ల కంపెనీలు చెబుతాయి. ట్రెడ్ మీద రబ్బరు నూగు చెక్కుచెదరకుండా ఉందని పదేళ్ల టైరును కొత్తదిగా అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ ఉన్నారు.

బిగించే తీరు గురించి కొంచెమే చెప్పాలి. కొత్త చక్రం పెట్టిన వారంలోనే, ఇంటి ముందు, బండిలో ఉన్న సామాన్లతోనే ఒకసారి దింపి, ఒక వెనుక చక్రానికి వేసి చూడండి. వెనుక చక్రం గాలి పూర్తిగా పోయి, తొట్టి నిండా సరుకుంటే బండి ఎంత కిందికి దిగుతుందో ఊహించుకోండి. ఆ సందులోంచి స్టెప్నీ బయటికి రాకపోతే ముందు జాకీ ఎత్తాలి, ఆ తర్వాతే లాగాలి. హ్యాండ్ బ్రేకు పట్టేది సాధారణంగా వెనుక చక్రాలనే కాబట్టి, వెనుక ఎత్తినప్పుడు ముందు చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టక తప్పదు. వెనుక కమాను పట్టీలున్న బండికి జాకీని ఇరుసు కింద పెడితే తక్కువ ఎత్తు చాలు. పెద్ద టైర్లు వేసినవారికి కంపెనీ జాకీ అందకపోవచ్చు, అదీ ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

నట్లు నక్షత్రం గుర్తు గీసే వరసలో, ఎదురెదురుగా బిగించాలి. ఎఫ్-150కి కంపెనీ చెప్పే బిగింపు 204 న్యూటన్ మీటర్లు. అరమీటరు పొడవున్న పానా చివర నలభై కిలోల బరువు పెట్టినంత. 75 కిలోల మనిషి దాని మీద నిలబడితే అంతకు దాదాపు రెట్టింపు, ఎగిరితే ఇక లెక్కలేదు. స్టడ్లు (నట్లు ఎక్కే హబ్బు బోల్టులు) సాగేది అలాగే. మరలకు నూనె రాయకూడదు. రాస్తే అదే బలానికి నట్టు మరింత లోతుకు పోతుంది. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా పెట్టి చూడాలి. అల్లాయ్ తీసి ఉక్కు రిమ్ము వేసినప్పుడు ఇది మరీ ముఖ్యం. విప్పిన చక్రాన్ని కింద ఎత్తి కట్టాక చేత్తో గట్టిగా ఊపండి. కదిలితే, బిళ్ల వంకరగా కూర్చుందన్నమాట. మళ్లీ దింపి ఎత్తాలి.